గేదెని ఏమంటారంటే, ముందు ఏ గేదో చెప్పాలి

ఫలానా జంతువుని యాభై భాషల్లో ఏమంటారో చెప్పే పట్టికలు ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. పిల్లికొకటి, కుక్కకొకటి, ఏనుక్కొకటి. గేదెది కూడా వచ్చింది. హిందీలో భైంస్, తమిళంలో ఎరుమై, మలయ్‌లో కెర్బావ్, థాయ్‌లో ఖ్వాయ్, అరబ్బీలో జామూస్, తెలుగులో గేదె. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. పిల్లలు వాటిని వంకర్లు తిప్పుతూ పలుకుతుంటే ఇంకా బాగుంటుంది. అయినా సరే, ఒక భాషకీ ఒక జంతువుకీ ఉన్న చుట్టరికాన్ని ఇంత శుభ్రంగా తుడిచేసే వస్తువు ఇంకోటి లేదని నా వాదన. భాషకొక మాట చొప్పున రేషన్ పంచినట్టు పంచేస్తే, ఎవరు దాని పాలు పిండుకుని బతికారు, ఎవరు దాంతో పొలం దున్నించారు, ఎవరు దాన్ని దూరం నుంచి చూసి ఏదో ఒక పేరు పెట్టి ఊరుకున్నారు అన్నది తెలియకుండా పోతుంది.

అసలు తెలుగు గడిలో ‘గేదె’ అని రాయడంతోనే గొడవ మొదలవుతుంది. అది మన కోస్తా మాట. తెలంగాణలో బర్రె. రాయలసీమ వైపు ఎనుము అనేవాళ్ళు ఉన్నారు. ఎనుముల అని ఇంటిపేరే ఉంది. ఈ మూడింటిలో చుట్టాలు ఎక్కువున్నది ఎనుముకే. తమిళ ఎరుమై, మలయాళ ఎరుమ, కన్నడ ఎమ్మె, తుళు ఎర్మె, అన్నీ ఒకే తల్లి పిల్లలు. నీలగిరి కొండల మీద తోడా గిరిజనులకైతే పాడిగేదెలే సర్వస్వం. పాలు తోడుపెట్టే పాకలే వాళ్ళకి గుళ్ళు, ఆ పాల పని చూసేవాడే పూజారి. అంత పాత మాటని మన గోదావరి వాళ్ళం ఎప్పుడో వదిలేసి గేదెని పట్టుకున్నాం. మా ఊళ్ళో పెద్దవాళ్ళ నోట ‘ఎనుబోతు’ అని వినపడేది గానీ, అది పశువుని కాదు, మమ్మల్ని పిలవడానికి. వరంగల్ నుంచి మా ఇంటికొచ్చిన వదిన ‘బర్రెపాలు’ అన్నప్పుడల్లా మా పిన్ని ఇప్పటికీ నవ్వు ఆపుకోలేదు. వదిన ఊరుకుంటుందా, “గేదె అంటే అదేదో ఇంటిపేరులా ఉంది” అని తగిలిస్తుంది.

సరే, మన డెల్టా వరకే చూద్దాం. ఇక్కడైనా ‘గేదె’ అన్న ఒక్క మాటతో పని జరుగుతుందా? జరగదు. పశువులున్న ఇంట్లో ఎవరూ ఉత్తి గేదె అనరు. పాడిగేదె, చూడిగేదె, వట్టిపోయిన గేదె, గొడ్డుగేదె. ఈనితే ఎన్నో ఈత అన్నది వెంటనే చెప్పాలి. తొలిచూలుదైతే ఒక ధర, మూడో ఈతదైతే ఇంకో ధర. ఇంకా ఈనని ఎదిగిన ఆడదూడ పడ్డ. అదే ఆవు దూడైతే పెయ్య. రెండూ ఆడదూడలేగా అని తారుమారుగా అంటే, పట్నం నుంచి వచ్చారని ఎదుటివాళ్ళకి అక్కడే తెలిసిపోతుంది. పాలు వదలడానికి ‘చేపడం’ అని వేరే క్రియే ఉంది. దూడ కుడిస్తే గానీ కొన్ని చేపవు, కొన్నిటికి తవుడు తొట్టి ముందు పెడితే చాలు, ఇంకొన్ని కొత్త చెయ్యి తగిలితే చేపిన పాలు కూడా ఎగబట్టేస్తాయి. ఈ తేడాలు తెలియకపోతే తెల్లారేసరికి తపేలా ఖాళీగా ఉంటుంది. అందుకే అన్ని మాటలు.

సంతలో ఈ మాటల పదును ఇంకా బాగా తెలుస్తుంది. చిన్నప్పుడు మా పెదనాన్న వెంట వెళ్ళేవాణ్ణి. ఆయన ముందు గేదె చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, సుడులు చూసి, పొదుగు చూసి, అప్పుడు నోరు విప్పేవారు.

“ఎన్నో ఈతయ్యా?”

“మూడో ఈతేనండి, ఆయ్.”

పెదనాన్న ఒక చేత్తో ముట్టె పట్టుకుని, రెండో చేత్తో కింది పెదవి లాగి పళ్ళు చూశారు. తర్వాత కొమ్ము మొదట్లో ఉన్న గీతల మీద బొటనవేలు పెట్టి పైకి రాసుకుంటూ పోయారు.

“కడపళ్ళు కూడా అరిగిపోయాయి. కొమ్ముకి ఇన్ని కణుపులున్నాయి. మూడో ఈత అంటే నీకైనా నమ్మబుద్ధవుతోందా?”

“ఒకటి అటూ ఇటూ ఉంటదండి. పాలు చూడండి, పాలు.”

ఇక ధర దగ్గరకొచ్చేసరికి మాటలు బంద్. దళారి తువ్వాలు కింద ఇద్దరూ చేతులు కలిపి వేళ్ళు నొక్కుకునేవాళ్ళు. ఏ వేలు ఎంతో, ఎన్ని నొక్కులు ఎంతో వాళ్ళకే తెలియాలి. పక్కన నిలబడ్డవాడికి వాళ్ళ మొహాలు తప్ప ఏమీ కనపడేది కాదు. గేదె గురించి అన్ని మాటలు తయారుచేసుకున్న మనుషులు, అసలైన మాటని మాత్రం బయటికి అనకుండా బేరం ముగించేవాళ్ళు! నీళ్ళలో గేదెని చూపించి బేరమాడినట్టు అన్న సామెత వచ్చింది ఇలాంటి వాళ్ళ మధ్య నుంచే. నీళ్ళలో ఉన్న గేదెకి కాళ్ళు కనపడవు, పొదుగు కనపడదు, కుంటిదో కాదో తెలియదు.

ఇప్పుడు ఈ జంతువు కొత్తగా ఎదురైన వాళ్ళ దగ్గరికి వెళ్దాం. ఫార్సీలో గేదెని గావ్‌మీష్ అంటారు. గావ్ అంటే ఆవు, మీష్ అంటే గొర్రె. మన గోవు, మేషం ఉన్నాయే, వాటికి సొంత చుట్టాలు. అంటే సంస్కృతంలో చెప్పాలంటే ‘గోమేషం’. ఆవూ గొర్రే తెలిసినవాళ్ళకి ఈ నల్లటి వింత ఎదురైతే, చేతిలో ఉన్న రెండు మాటల్నీ అతికించేశారు. అరబ్బులు దాన్నే జామూస్ చేసుకున్నారు. ఈజిప్టులో నైలు డెల్టాకి వెళ్తే గామూసా. ఆర్మేనియన్లు గోమేష్ అంటారు, మనకి అర్థం చెప్పక్కర్లేకుండా. అరబ్బుల ఏలుబడిలో సింధు నుంచి మనుషుల్నీ వాళ్ళ గేదెల్నీ కలిపి ఇరాక్ చిత్తడి నేలలకి తరలించారు. పశువుతో పాటు పేరు కూడా అలా పడమటికి నడిచింది.

చైనా వాళ్ళది ఇంకో పద్ధతి. షుయ్‌నియు, అంటే నీటి పశువు. జపాన్ వాళ్ళు అదే రాతని సుయ్‌గ్యూ అని చదువుతారు, కొరియా వాళ్ళు తమ సొంత మాటలతో ముల్సో అన్నారు. అర్థం అదే. జపాన్‌లోనూ కొరియాలోనూ దీన్ని పెంచే అలవాటు లేదు గనక ఆ పేరుతో వాళ్ళకి సరిపోయింది. చెమట గ్రంథులు తక్కువై ఎండకి తట్టుకోలేక నీళ్ళలోకి దిగే జంతువుకి ఆ పేరు అన్యాయమేం కాదు. వేసవిలో మన కాలవల్లో ముక్కులూ కొమ్ములూ మాత్రమే పైకి పెట్టి పడుకున్న మందని చూస్తే ఎవరైనా అదే పేరు పెడతారు. కానీ అది గట్టు మీద నిలబడి చూసినవాడు పెట్టే పేరు.

అన్నిటికన్నా గందరగోళం యూరప్‌ది. గ్రీకులో బూబలోస్ అంటే మొదట్లో ఆఫ్రికా జింక జాతి జంతువు. లాటిన్‌లో బుబాలుస్ అయ్యాక అది అడవి పశువులకీ తగిలింది, చివరికి ఆసియా నుంచి వచ్చిన గేదె మీద స్థిరపడింది. ఇటాలియన్‌లో బూఫలో, పోర్చుగీసులో బూఫలు, అక్కణ్ణుంచి ఇంగ్లీషు బఫెలో. తూర్పు యూరప్‌కి పోతే బల్గేరియాలో బివోల్. ఇంగ్లీషు వాళ్ళు ఆ మాటని పట్టుకుని అమెరికా వెళ్ళి, అక్కడ బొచ్చుతో మూపురంతో ఉన్న బైసన్‌కి బఫెలో అని పేరు పెట్టారు. ఇండియాకొచ్చి, మన అడవిదున్నని చూసి ‘ఇండియన్ బైసన్’ అన్నారు. బైసన్‌ని బఫెలో అన్నవాళ్ళకి బఫెలోల దేశంలో బైసన్ కనపడింది! ఇన్నిటికీ ఒకే పేరు పెట్టాక అసలు గేదె మిగిలిపోతే, దానికి ముందు ‘వాటర్’ తగిలించాల్సి వచ్చింది. అయితే నవ్వేముందు మన సంగతి కూడా చూసుకోవాలి. పాపికొండల అడవుల్లో తిరిగే ఆ అడవిదున్న గేదె జాతిది కాదు, ఆవుకి దగ్గరి చుట్టం. నల్లగా బలంగా ఉందని మనమూ దున్న అనేశాం. అడవి జంతువు దగ్గరికొచ్చేసరికి మనమూ దూరం నుంచి చూసినవాళ్ళమే.

ఇక గేదెతో కలిసి నిజంగా బురదలో దిగిన భాషలు. ఇక్కడ ఒక శాస్త్రం ముక్క చెప్పాలి. పెంపుడు గేదెల్లో రెండు రకాలున్నాయి. మన దేశం నుంచి ఈజిప్టు, ఇటలీ దాకా ఉన్నది నదీ రకం, 50 క్రోమోజోములు, పాలకి పేరు. అస్సాం నుంచి చైనా, ఫిలిప్పీన్స్ దాకా ఉన్నది చిత్తడి రకం, 48 క్రోమోజోములు, పాలు తక్కువ, పొలం పనికి పేరు. ఈ సరిహద్దు దాటితే మాటల మొగ్గు కూడా మారిపోతుంది. మలయ్ కెర్బావ్, ఫిలిప్పీన్స్ వాళ్ళ టాగలోగ్‌లో కలబావ్, అక్కడి విసాయన్ భాషల మాట స్పానిష్ వాళ్ళ నోట పడ్డాక కారాబావ్. అక్కడ గేదె అంటే ముందు నాగలి గుర్తొస్తుంది, పాలచెంబు కాదు. వియత్నాంలో ‘ఇంటి ఆస్తికి గేదే తల’ అని సామెత. చైనా వాళ్ళ పన్నెండేళ్ళ జాతకచక్రంలో ఎద్దు ఉన్నచోట వియత్నాం వాళ్ళు గేదెని కూర్చోబెట్టుకున్నారు. పొలంలో ఏది దున్నితే జాతకంలోనూ అదే.

సుమత్రా దీవిలో మినాంగ్‌కబావ్ అని ఒక జాతి ఉంది. ఆ పేరు ‘గెలిచిన గేదె’ నుంచి వచ్చిందని వాళ్ళు కథ చెప్పుకుంటారు. జావా సేనలు మీదికొస్తే యుద్ధం ఎందుకని గేదెల పందెం పెట్టుకున్నారట. వాళ్ళు మహాకాయుడైన పోతుని దింపితే, వీళ్ళు పాలు మరిపించి ఆకలి పుట్టించిన దూడకి ముట్టె దగ్గర కత్తులు కట్టి వదిలారట. దూడ పాలకోసం పోతు పొట్ట కింద దూరింది, కథ ముగిసింది. చరిత్ర సంగతి పక్కనపెడితే, ఈ కథ అల్లినవాడికి దూడ ఆకలేస్తే ఎలా పొడుస్తుందో బాగా తెలుసు. పాలు కుడిచేటప్పుడు దూడ ముట్టెతో పొదుగుని గుద్దడం మన పాకల్లో రోజూ చూసేదే.

సులవేసి దీవిలోని తొరాజా వాళ్ళ దగ్గర గేదె పేరు టెడోంగ్. వాళ్ళకి పాలూ ముఖ్యం కాదు, నాగలీ అంత ముఖ్యం కాదు. పెద్దవాళ్ళు పోతే చేసే అంత్యక్రియల్లో గేదెల్ని బలిస్తారు, ఎన్ని బలిస్తే అంత పరువు. కాబట్టి మాటలన్నీ చర్మం రంగు మీద, మచ్చల మీద, కొమ్ముల తీరు మీద పుట్టాయి. నలుపు తెలుపు మచ్చలున్నది టెడోంగ్ బోంగా, దాని ధర వింటే మన పాడి రైతు నోరెళ్ళబెడతాడు. మనకి ఎన్నో ఈత అన్నది ఎంత అవసరమో వాళ్ళకి మచ్చ ఎక్కడుందన్నది అంత అవసరం. మాటలు ఎక్కడ గుమిగూడతాయో చూస్తే డబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది.

తిట్ల సంగతి కూడా అంతే. గేదెతో పరిచయం లేనివాడు గేదె పేరుతో తిట్టలేడు. తమిళంలో ‘ఎరుమై మాడు’ అంటే మందబుద్ధి, థాయ్‌లో ఒకణ్ణి ఖ్వాయ్ అంటే కొట్లాటే. మన దున్నపోతు గురించి చెప్పేదేముంది, వాన కురిసినా చలనం ఉండదు, ఈనిందంటే దూడని కట్టెయ్యమనేవాళ్ళు ఉంటారు. హిందీ వాళ్ళు గేదె మీద సామెతల ఖజానాయే పెట్టుకున్నారు. కర్ర ఎవడిదైతే గేదె వాడిది, బుద్ధి పెద్దదా గేదె పెద్దదా, నల్ల అక్షరం గేదెతో సమానం. పని చెడితే ‘గేదె నీళ్ళలోకి పోయింది’ అంటారు. ఇటలీలో బూఫలా అంటే ఆడగేదె, మంచి మొజరెల్లా చీజు దాని పాలతోనే చేస్తారు. అదే మాటకి పుకారు, దొంగవార్త అన్న అర్థం కూడా ఉంది. సంస్కృతంలో మాత్రం దీనికి రాజమర్యాద. మహిషం అన్న మాట ‘మహత్’కి చుట్టం. మహిషి అంటే ఆడగేదె, పెద్దరాణి కూడా. పట్టమహిషి అని పురాణాల్లో గౌరవంగా చదువుతాం, అదే మహిషి ప్రాకృతంలో అరిగి అరిగి హిందీ భైంస్ అయింది, మరాఠీ మ్హైస్ అయింది. ఇంట్లో ఆవిణ్ణి పట్టమహిషి అనండి, పాయసం దొరుకుతుంది. గేదె అనండి, ఆ పూట భోజనం హోటల్లోనే.

ఇక్కడే కొంతమంది మీసం తిప్పుతారు. చూశారా, మన భాషలో ఎన్ని మాటలో, ఇంగ్లీషుకి ఒక్క బఫెలోతో సరి, బీద భాష అని. ఈ మురిపెం నాకు నచ్చదు. ఇంగ్లీషు వాడి పశువులు ఆవులూ గుర్రాలూ. వాటి దగ్గరికి వెళ్ళి చూడండి. ఈనని ఆవుకి హెఫర్, వట్టలు తీసినదానికి స్టీర్, బండికి కట్టేదానికి ఆక్స్. గుర్రాల్లో ఆడదానికి మేర్, పోతుకి స్టాలియన్, మగపిల్లకి కోల్ట్, ఆడపిల్లకి ఫిల్లీ, వట్టలు తీస్తే గెల్డింగ్. మనకి వీటిలో సగానికి కూడా విడి మాట లేదు, గుర్రప్పిల్లతో సరిపెట్టుకుంటాం. మన పడ్డకి ఇంగ్లీషులో ‘బఫెలో హెఫర్’ అని ఆవు దగ్గర అరువు తెచ్చుకోవాల్సి వచ్చినట్టే. ఇందులో భాష గొప్పా లేదు, తక్కువా లేదు. ఎవరికి ఏ పశువుతో అవసరమో ఆ పశువు చుట్టూ మాటలు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మాటలు పోతున్నాయని ఏడ్చేటప్పుడు మనం దొంగని వదిలేసి దారిన పోయేవాణ్ణి పట్టుకుంటున్నాం. మా ఊరి పిల్లలకి పడ్డ అంటే తెలియదు, ఎలపట దాపట అంటే తెలియదు, దీనికంతటికీ ఇంగ్లీషు మీడియమే కారణమని ప్రతి సభలోనూ వింటాం. కాదండీ. తెలుగు మీడియంలో చదివిన మా తరంలోనే ఇందులో సగం పోయింది.

డెల్టాలో గేదె మహాలక్ష్మిలా వర్ధిల్లింది ధవళేశ్వరం ఆనకట్ట వల్ల. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర దాన్ని పూర్తిచేశాక కాలవలొచ్చాయి, కాలవలతో వరి, వరితో గడ్డి. తాగడానికీ పడుకోవడానికీ నీళ్ళు, తినడానికి గడ్డిమేటు, వరి కోశాక పిల్లిపెసర. ఈ నల్లరేగడి బురదలో దమ్ము చెయ్యాలంటే వెడల్పు గిట్టల దున్నపోతుకి సాటి లేదు. కాడికి కుడిపక్కది ఎలపట, ఎడమపక్కది దాపట. ఏ పోతు ఏ పక్కకి అలవాటు పడిందో చూసి కొనేవాళ్ళు, అందుకే ఆ మాటలు అంత ముఖ్యం. ట్రాక్టరుకి దమ్ము చక్రాలు వేసి దింపిన రోజున, ఆ కాడీ పోయింది, ఆ పక్కలూ పోయాయి. పొలంలో ట్రాక్టరు ఉన్నప్పుడు ఎలపట ఎవరికి కావాలి?

పోతుకి పనిలేకపోయాక మగదూడకి విలువ లేకుండా పోయింది. ఆడదూడ పుడితే జున్ను వీధంతా పంచేవాళ్ళు, మగదూడ పుడితే “ఏం పుట్టింది” అన్న ప్రశ్నకి “ఏదో ఒకటి పుట్టింది లెండి” అని జవాబు. తర్వాత ఊరి దున్న కూడా పోయింది. మా చిన్నప్పుడు గేదె ఎదకొస్తే ‘దున్నకి కట్టించుకొచ్చాం’ అనేవాళ్ళు. ఇప్పుడు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకి ఫోన్ చేసి ‘సూది వేయించాం’ అంటున్నారు. ఆ సూదిలో వచ్చేది ముర్రా జాతి. వెనకటికి దాన్ని ఢిల్లీ గేదె అనేవాళ్ళు, మెలితిరిగిన కొమ్ములది. అది రాగానే మన పాతవన్నీ కలిపి ‘నాటు’ అన్న ఒక్క పేరు కిందికి వెళ్ళిపోయాయి. భీమవరం, ఆకివీడు వైపు చేలు చేపల చెరువులై, రొయ్యల చెరువులై, గడ్డికే కరువొచ్చింది. ఉన్న చేలల్లో మిషను కోసిన గడ్డి ముక్కలై నేలపాలవుతోంది, మోపు కట్టి మేటు వెయ్యడానికి పనికిరాదు. మేటు లేని ఊళ్ళో మేటు అన్న మాటని బడి ఎలా బతికిస్తుంది? 2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 11 కోట్ల గేదెలున్నాయి. పశువు తగ్గలేదు. దాంతో మనం చేసే పని మారింది.

పని మారినచోట కొత్త మాటలు కూడా పుడుతున్నాయి. వాటిని లెక్కలోకి తీసుకోకుండా పాతవాటికి దండ వెయ్యడం నాకు సబబుగా అనిపించదు. పొద్దున్నే పాల కేంద్రం దగ్గర నిలబడితే వినపడేది ఇది: “నిన్న ఫ్యాట్ ఏడు దాటింది వదినా, ఇవాళ ఆరున్నరే చూపిస్తోంది.” “కుడితిలో చెక్క తగ్గించావేమో.” “తగ్గించలేదే, దూడ ఎక్కువ కుడిచేసిందంతే. చివరి పాలన్నీ దాని పొట్టలోకే.” ముందు చేపిన పాలు పల్చన, ఆఖరి పాలలో వెన్న ఎక్కువ. ఆ సంగతి వాళ్ళ అమ్మలకీ తెలుసు. ఇప్పుడు దానికి ఒక అంకె వచ్చింది, ఆ అంకెకి డబ్బులొస్తాయి, ఆ అంకె పేరు ఫ్యాట్. భాషాభిమాని ఒకాయన అక్కడే నాతో, “వెన్నశాతం అనొచ్చు కదండీ, చక్కటి తెలుగు మాట” అన్నారు. క్యాను మూత బిగిస్తున్న ఆవిడ ఆ మాట వింది. “అనండి బాబాయిగారూ, మేం వద్దన్నామా? చీటీ మీద మాత్రం ఫ్యాటని రాయమనండి, లేకపోతే లెక్క కట్టే కుర్రాడికి అర్థం కాదు” అంది.

నా ఓటు ఆవిడకే.